మూడో సబ్జెక్టు

డిగ్రీలో ఏం చదివారని ఎవరైనా అడిగితే చరిత్ర, స్పెషల్ తెలుగు, సంగీతం అని చెబుతాను. మొదటి రెండూ ఎవరి చెవికీ ఎక్కవు. మూడోది వినగానే ఎదుటివాళ్లకి హుషారొస్తుంది. "అయితే ఓ పాట పాడండి!" చరిత్ర చదివినవాళ్లని తళ్లికోట యుద్ధం చేసి చూపించమని ఎవరూ అడగరు. ఎకనామిక్స్ చదివినవాళ్లని నీ దగ్గర ఎంతుందో తియ్యమనరు. సంగీతానికే ఈ సుంకం. పాడనంటే బెట్టు చేస్తోందంటారు. పాడితే "బాగుందండీ" అంటారు గానీ, అనేముందు ఓ క్షణం ఆగుతారు. నా మూడేళ్ల చదువు తూకం ఆ క్షణంలోనే తేలిపోతుంది.

నాకు పాట రాదు. బొత్తిగా రాదని కాదు. శ్రుతిలో నిలబడి, తాళం తప్పకుండా ఓ వర్ణమూ నాలుగైదు కీర్తనలూ అప్పజెప్పగలను. అప్పజెప్పడానికీ పాడటానికీ మధ్య ఎంత దూరముందో కూడా నాకు బాగానే తెలుసు. చదవకముందు అది తెలిసేది కాదు. అప్పుడు నేను బాగా పాడతాననే అనుకునేదాన్ని.

మాది కృష్ణా జిల్లాలో ఓ చిన్న ఊరి ఆడపిల్లల కాలేజీ. అప్పట్లో బి.ఏ. అంటే మూడు గ్రూపు సబ్జెక్టులు. మూడూ సమానమేనని యూనివర్సిటీ సిలబస్ పుస్తకంలో ఉండేది. కాలేజీలో మాత్రం చరిత్రకి పెద్ద హాలు, తెలుగుకి ఫ్యాను తిరిగే గది, సంగీతానికి జువాలజీ ల్యాబు పక్కనున్న పాత స్టోరు రూము. కిటికీ తెరిస్తే సీసాల్లో కప్పల వాసన, మూస్తే ఉక్క. బల్లల్లేవు. నేలమీద రెండు జంపఖానాలు, గోడకి ఆనించి గలేబు తొడిగిన తంబురా, ఓ హార్మోనియం, రెండు వీణలు.

చేరినవాళ్లలో సంగీతం కోసం వచ్చినవాళ్లు తక్కువ. ప్రాక్టికల్స్ ఉన్నాయి కాబట్టి మార్కులు పడతాయని కొందరు, పొలిటికల్ సైన్సు మేష్టారి నోటికి జడిసి కొందరు. ఒకమ్మాయైతే, ఈ గ్రూపు తీసుకుంటే మధ్యాహ్నం రెండింటి బస్సు దొరుకుతుందని లెక్కేసుకుని మరీ వచ్చింది. మూడేళ్ల తర్వాత మా అందరిలో తాళం గట్టిగా నిలిచింది ఆ అమ్మాయికే. చిన్న కాలేజీలో ఉన్న సుఖం అదే. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. గొంతు పరీక్ష పెట్టి వడపోద్దామంటే మిగిలేది ఖాళీ జంపఖానాలే కాబట్టి, వచ్చినవాళ్లందరికీ చోటుంటుంది.

ఆ వీణల సంగతి కొంచెం చెప్పాలి. వీణకి ఇరవై నాలుగు మెట్లు. వాటిని దండి మీద మైనంలో కుదురుస్తారు. మా ఊరి మే నెల ఎండకి, తలుపులేసిన ఆ గదిలో, మైనం మెత్తబడి మెట్లు పక్కకి ఒరిగేవి. మార్చిలో గాంధారం పలికిన చోట జూన్‌లో కాలేజీ తెరిచేసరికి ఏ పేరూ పెట్టలేని స్వరమేదో పలికేది. మళ్లీ మేళం కట్టించాలంటే నూజివీడు నుంచి వీణలు చేసే ఆయన రావాలి, ఆయన రావాలంటే బిల్లు పాసవ్వాలి, బిల్లు పాసవ్వాలంటే ఆఫీసులో గుమాస్తాకి మేళం అంటే ఏమిటో చెప్పాలి. సన్నాయి మేళం అనుకుని ఆయన ఓసారి, "పెళ్లి ఎవరిదమ్మా?" అని అడిగాడట. ఆ ఏడాది దసరా దాకా మాకు గాత్రమే.

మా సంగీతం మేడం విజయనగరం సంగీత కాలేజీలో చదివారు. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజుగారు పెట్టిన కాలేజీ అది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఘంటసాల చదివిందీ అక్కడే. అంతటి చోట చదివొచ్చి మాకు స-రి-గ-మ దగ్గర మొదలుపెట్టడం ఆవిడకి ఎలా ఉండేదో! డిగ్రీ పిల్లలకి సరళీ వరుసలేమిటని మాకే నామోషీగా ఉండేది. ఆవిడ మాత్రం ఆ సరళీ వరుసల్ని ఓపిగ్గా మూడు కాలాల్లోనూ పాడించేవారు.

వాటికి మాయామాళవగౌళ రాగాన్ని పెట్టింది పురందరదాసు అంటారు. దాన్నే ఎందుకు పెట్టారో మేడం హార్మోనియం మెట్ల మీద చూపించారు. స పక్కనే రి. రికి ఎడంగా గ. గ పక్కనే మ. మళ్లీ ప పక్కనే ద, దకి ఎడంగా ని, ని పక్కనే పై స. కింది సగంలో ఎంత ఎడముందో పై సగంలోనూ సరిగ్గా అంతే. కింద నేర్చుకున్న అడుగులే పైనా వెయ్యొచ్చు. దగ్గర స్వరాలూ దూర స్వరాలూ కొత్త గొంతుకి ఒకే పాఠంలో అలవాటైపోతాయి. ఎవరు ఆలోచించారో గానీ, ఇంత తెలివిగా కట్టిన మొదటి పాఠం నేను ఇంకే సబ్జెక్టులోనూ చూడలేదు.

అంతకన్నా ముందు శ్రుతి. మేడం రాడెల్ శ్రుతిపెట్టె ఆన్ చేసి, అది మోగుతుండగా ఒక్కొక్కరినీ స పట్టుకోమనేవారు. తప్పు అని ఆవిడ ఎన్నడూ అనేవారు కాదు. పెట్టెకున్న మీట తిప్పి చప్పుడు కాస్త పెంచేవారు. కుదరకపోతే ఇంకాస్త. ఓ దశలో మన గొంతు వెళ్లి పెట్టె నాదానికి రాసుకుంటున్నట్టు వినపడేది. రెండు ధ్వనుల మధ్య చిన్న వణుకు, గరగరలాంటిది. గొంతు కొంచెం పైకి జరిపితే ఆ వణుకు నెమ్మదిస్తుంది. ఇంకొంచెం జరిపితే ఇంకా నెమ్మదిస్తుంది. అది పూర్తిగా పోయిన చోట స ఉంది. అంతకుముందు ఎన్నేళ్లు పాడుకున్నామో, స్కూల్లో ప్రార్థన పాడామో, పేరంటాల్లో పాడామో! ఆ గరగర మాలో ఒక్కరికీ వినపడలేదు. ఒకసారి విన్నాక ఇక వినకుండా ఉండటం కుదరదు. గుడి మైకులో, పెళ్లి వీడియోలో, స్నానాల గదిలోంచి వచ్చే నా సొంత గొంతులో, ఎక్కడ జారినా పంటికింద రాయిలా తగులుతుంది. సంగీతం నేర్చుకుంటే మనశ్శాంతి అంటారు. నాకు పోయిన శాంతే ఎక్కువ.

థియరీ పేపరు వేరే లోకం. అందులో నేను రాణించాను. డెబ్భై రెండు మేళకర్తలు, ముప్పై అయిదు తాళాలు, వాగ్గేయకారుల చరిత్రలు, రాగలక్షణాలు. వీటన్నిటిలోకీ కటపయాది లెక్క నాకు చాలా ఇష్టం. మేళకర్త రాగం పేరులో మొదటి రెండక్షరాలకి అంకెలేసి, తిరగేస్తే మేళం నంబరొస్తుంది. మాయామాళవగౌళలో మాకి 5, యాకి 1, తిరగేస్తే 15. శంకరాభరణం ఇరవై తొమ్మిదో మేళం. లెక్క కుదరడం కోసం దానికి ముందు "ధీర" తగిలించారు: ధీకి 9, రకి 2. కల్యాణికి "మేచ" కూడా అలా వచ్చిందే. నఠభైరవి ఇరవయ్యో మేళం. వత్తు ఠ బదులు మామూలు ట రాశారో, నంబరు 10 అవుతుంది. పదో మేళం నాటకప్రియ. మాలో ఒకమ్మాయి అలా రాస్తే మేడం మార్కు కోసి, పక్కన ఎర్రసిరాతో "రాగం మారినది" అని రాశారు. అచ్చుతప్పుకి అంత పెద్ద శిక్ష ఏ తెలుగు మేష్టారూ వెయ్యలేదు.

గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్లు ఈ చదువుని చూసి నవ్వుతారు. కాలేజీ పిల్లలు తోడి ఎనిమిదో మేళమని నిద్రలో లేపినా చెబుతారు గానీ తోడి గాంధారాన్ని ఊపమంటే నోరు రాదంటారు. కాదనలేను. కాగితం మీద అది సాధారణ గాంధారం. పాడేవాళ్ల గొంతులో అది ఒకచోట కూర్చోదు, కింద నుంచీ పై నుంచీ ఊగి ఊగి గాంధారం అనిపించుకుంటుంది. నొటేషన్‌లో "గ" అని రాసి ఊరుకుంటాం. ఆ ఒక్క అక్షరం వెనక ఎంతుందో మేడం పాడి చూపించేవారు, మేం తలూపేవాళ్లం. ఊగింది మా తలలే, గాంధారం కాదు.

అయినా ఆ థియరీ వృథా అని ఒప్పుకోను. "ఆరభి, దేవగాంధారి రాగములకు గల భేదములు వ్రాయుము" అని మా పరీక్షలో చిన్న ప్రశ్న ఒకటి తరచూ వచ్చేది. రెండూ శంకరాభరణ జన్యాలే. రెండింటికీ ఆరోహణ ఒకటే, అవరోహణ ఒకటే. ఆరభిలో గమకాలు తక్కువ, నడక చురుకు. దేవగాంధారిలో గమకాలు దీర్ఘం, విళంబం దానికి అందం. ఇలా రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. రెండు రాగాల స్వరాలూ ఒకటే అయితే రెండు పేర్లెందుకో మాత్రం నిజంగా అర్థం కాలేదు. ఉద్యోగంలో చేరి చాలాకాలమయ్యాక, ఓ రాత్రి బస్సు ప్రయాణంలో, ఫోన్‌లో త్యాగరాజ కీర్తనలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. "సాధించెనె" అయింది. ఆరభి. తర్వాత "క్షీరసాగర శయన". పల్లవి సగంలోనే లేచి కూర్చున్నాను. అవే స్వరాలు. మొదటి పాటలో టకటకా నడిచి వెళ్లిన దారిలోనే ఇక్కడ పాడేవాడు ఒక్కొక్క స్వరం దగ్గరా ఆగి, వంగి, లేస్తున్నాడు. ఎన్నో ఏళ్ల కిందట నా చేత్తో రాసిన జవాబు ఆ బస్సులో నా చెవికి వినపడింది. అడక్కుండానే పక్క సీటావిడకి చెప్పబోయి ఆగాను. పాపం నిద్రపోతోంది.

పాట నేర్పే గురువు పాటనిస్తాడు. మాలాంటి పక్క చదువు ఇచ్చేది ఇలాంటి ఖాళీ జవాబులు. ఎప్పుడో ఓ పాట వచ్చి వాటిని నింపుతుంది, నింపకపోనూవచ్చు.

మూడు సబ్జెక్టులు కలిపి చదవడంలో ఇంకో లాభముంది. దాన్ని సిలబస్ వేసినవాళ్లు ఉద్దేశించి ఉండరు. పదింటికి చరిత్ర క్లాసులో 1799 ఒప్పందం చెప్పారు. తంజావూరు రాజు సర్ఫోజీ పాలన కుంఫిణీకి ఒప్పజెప్పి, కోటా పెన్షనూ మిగుల్చుకున్నాడు. పదకొండింటికి స్టోరు రూములో త్యాగరాజు చరిత్ర. 1767లో పుట్టి 1847లో పోయారు, ఉన్నది తిరువయ్యారులో. తిరువయ్యారు తంజావూరికి పక్కనే. చరిత్ర నోట్సులో త్యాగరాజు లేడు. సంగీతం నోట్సులో ఒప్పందం లేదు. రెండు నోట్సులూ ఒకే సంచిలో మోసినవాళ్లకి మాత్రం ఒప్పందం రాసుకున్ననాటికి త్యాగరాజుకి 32 ఏళ్లని లెక్క తగులుతుంది. రాజు పిలిచి కానుకలిస్తానంటే ఆయన కాదని "నిధి చాల సుఖమా" పాడారని కథగా చెబుతారు. ఆ కథ వినేటప్పుడు మా కళ్ల ముందు ఆడేది రామాయణం సినిమాల్లో రాజు. సర్ఫోజీయే ఆ రాజనుకుంటే, ఆయన చేతిలో నిధి ఉండొచ్చు గానీ రాజ్యం లేదు. పుస్తకాలు కొనుక్కుంటూ, లైబ్రరీ పెంచుకుంటూ, పెన్షను మీద బతుకుతున్న మనిషి. కథ అలా చదివితే త్యాగరాజు కాదన్నది ఎవరిని, దేన్ని అని మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి. ఈ మాట పరీక్షలో రాయలేదు. ఏ పేపర్లో రాయాలో తెలియలేదు.

ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దొరల ఫిడేలు నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడు. మద్రాసు దగ్గర మణలిలో ఉన్నప్పుడు ముత్తుస్వామి దీక్షితులే కుంఫిణీ బ్యాండువాళ్ల బాణీలకి సంస్కృత సాహిత్యం కట్టారు. నోట్టుస్వరాలంటారు. వాటిలో "సంతతం పాహిమాం" బాణీ "గాడ్ సేవ్ ది కింగ్". మొదటిసారి విన్నప్పుడు క్లాసంతా పగలబడి నవ్వింది. చరిత్ర పుస్తకంలో కుంఫిణీ ఫిరంగులతో వచ్చింది. పక్క గదిలో ఫిడేలుతో వచ్చింది. ఇదే ఫిడేలు ఓ వందేళ్లు దాటాక ద్వారంవారి చేతిలోకొచ్చి, మా మేడం చదివిన కాలేజీకి పేరు తెచ్చింది.

స్పెషల్ తెలుగు మాత్రం తక్కువ తిన్నదా? దీక్షితుల వంశంలోని సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అచ్చువేయించారు. ఎట్టయపురం తమిళదేశంలో బాగా దక్షిణాన ఉన్న ఒకప్పటి సంస్థానం. పుస్తకం ఉన్నది తెలుగులో, తెలుగు లిపిలో. ఆ చుట్టుపక్కల దాన్ని ఎవరు చదువుతారని వేశారు? చదవగలిగిన సంగీతజ్ఞులున్నారు కాబట్టే వేశారు. తెలుగు మేష్టారికి ఈ సంగతి చెబితే "మన సాహిత్య చరిత్రలో లేదే" అన్నారు. నిజమే, లేదు. దాన్ని రాయమని దీక్షితుల వెంటపడిన చిన్నస్వామి మొదలియార్ మద్రాసు సెక్రటేరియట్ ఉద్యోగి. పగలు ఫైళ్లు చూసుకుంటూ, మన కీర్తనల్ని పాశ్చాత్య నొటేషన్‌లోకి ఎక్కించాలని జీవితం ధారపోశాడు. సంగీతం ఆయనకీ రెండో పనే.

ఇలాంటి పేర్లు ఎత్తితే ప్రమాదముంది. శ్రీపాద పినాకపాణిగారు వైద్యులు, కర్నూలు మెడికల్ కాలేజీలో ప్రొఫెసరు. నేదునూరి, వోలేటి లాంటి వాళ్లకి గురువు. 1983లో సంగీత కళానిధి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు చెప్పారు, అన్నమయ్య పాటలకి స్వరాలు కట్టారు. ఆయనా సంగీత కళానిధే. మా ఇళ్లలో పెద్దవాళ్లకి ఈ పేర్లు కంఠతా వచ్చు. "చూడు, డాక్టరు చదువు చదువుతూనే పాడారు" అని పిల్లల మీదికి వదులుతారు. వాళ్లిద్దరూ కొండలు. సంగీతాన్ని పక్కన పెట్టుకుని చదివితే అందరూ అలా అవుతారని చెప్పడం మోసం. కానట్టయితే చదవడం దండగనడం అంతకన్నా పెద్ద మోసం.

నాకు అసలు గొడవ ఈ రెండోదానితోనే. మన దగ్గర పాటకి రెండే చోట్లున్నాయి. ఒకటి స్టేజి. 1996లో ఈటీవీలో "పాడుతా తీయగా" మొదలైనప్పటి నుంచి ప్రతి ఊళ్లోనూ ఓ పిల్లకి నాలుగో ఏట గొంతు సవరించడం మొదలైంది. ఆ కార్యక్రమం మంచిదే, బాలుగారు పిల్లలతో మాట్లాడే తీరు కోసమే నేను చూసేదాన్ని. కానీ గెలవని పిల్లలు ఏమయ్యారు? చాలామంది సంగీతం మానేశారు. సెలక్షన్ రాలేదంటే రానట్టే. ఇంకో చోటు వంటిల్లు, కారు, ఇయర్‌ఫోన్లు. అక్కడ పాట వింటామంతే, దాని ఎముకలు చూడం. ఈ రెండింటి మధ్యా ఓ చోటుండాలి. మామూలు గొంతున్న మనిషి, ఇరవయ్యేళ్ల వయసులో, ఎవరి మెప్పూ ఆశించకుండా, మాష్టారి ముందు కూర్చుని స నుంచి మొదలుపెట్టగలిగే చోటు. ఆట విషయంలో మనకీ పేచీ లేదు. సాయంత్రం కాలేజీ గ్రౌండులో వాలీబాల్ ఆడేవాణ్ని ఇండియాకి ఎప్పుడు ఆడతావని ఎవరూ నిలదీయరు. సంగీతం దగ్గరికొచ్చేసరికి, రాకపోతే ఎందుకు అని మొహం మీదే అడిగేస్తారు.

కచేరీ సభల్లో కూర్చుని చూస్తే ఆ మధ్య చోటు విలువ తెలుస్తుంది. ముందు వరసలో బంధువులు, స్పాన్సర్లు. మూడో వరస నుంచి తొడ మీద వేళ్లు లెక్కపెట్టుకునే జనం ఉంటారు. ఒక ఘాత, చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి మూడు వేళ్లు, రెండు ద్రుతాలు. పల్లవి ఎత్తుగడ ఎక్కడ పడుతుందో కాసుక్కూర్చుంటారు. పడగానే "భేష్" అని వాళ్ల నోట వచ్చేదే వేదిక మీద ఉన్నవాళ్లకి జీతం. వీళ్లలో ఎక్కువమంది పాడలేరు. ఎక్కడో ఎవరి దగ్గరో సగం నేర్చుకుని మానేసినవాళ్లు. పాడేవాళ్లు మాత్రమే మిగిలి, ఈ సగం నేర్చినవాళ్లు పోతే, ఆ సభలో చప్పట్లు పాట అయిపోయాకే వినపడతాయి.

ప్రాక్టికల్స్ గురించి చెప్పకపోతే మా బ్యాచ్‌వాళ్లు ఊరుకోరు. పరీక్షకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పొరుగూరి నుంచి బస్సులో వచ్చారు. ఖద్దరు చొక్కా, పెద్దాయన. వచ్చీ రాగానే మంచినీళ్లడిగి, ఆ గదిలో వాసన చూసి, "పక్కన ఆస్పత్రా?" అన్నారు. నా ముందు పిల్ల భయంతో పాట మధ్యలో సాహిత్యం మరిచిపోయి, అదే రాగంలో "తర్వాత రావడం లేదు సార్" అని పాడేసింది. ఆయన తాళం ఆపకుండానే, "స్వరం పాడు, సాహిత్యం అదే వస్తుంది" అన్నారు. వచ్చింది.

నా వంతు. మోహన వర్ణం, "నిన్నుకోరి".

"ఏ శ్రుతి అమ్మా నీది?"

"ఐదున్నర సార్."

"ఎవరు చెప్పారు?"

"నేర్చుకున్నప్పటి నుంచీ అదే సార్."

"ఐదు పెట్టుకో. పైన సుఖంగా ఉంటుంది."

అర మెట్టు కిందికి దిగేసరికి చరణంలో పై స్వరాల దగ్గర గొంతు మొదటిసారి బిగుసుకోలేదు. రెండో కాలం దాకా వెళ్లాను. చాలన్నట్టు చెయ్యెత్తి, "వినడం బాగా వచ్చింది నీకు" అన్నారు. పాడటం గురించి ఏమీ అనలేదు. అది పొగడ్తో కాదో బయటికొచ్చాక మేమంతా చర్చించుకున్నాం. మార్కులు మాత్రం ధారాళంగా వేశారు.

మేడం రిటైరయ్యాక ఆ పోస్టు నిండలేదు. స్ట్రెంత్ లేదన్నారు. మాష్టారు లేకపోతే పిల్లలు చేరరు, పిల్లలు చేరకపోతే మాష్టార్ని వెయ్యరు. చిన్న కాలేజీల్లో చాలా సబ్జెక్టులు పోయింది ఈ గుండ్రంలోనే. స్టోరు రూము మళ్లీ స్టోరు రూమైంది.

ఇప్పుడు ఆంధ్రాలో డిగ్రీ చదువే మారింది. 2023-24లో సింగిల్ మేజర్, దాని పక్కన ఓ మైనర్ వచ్చాయి. మూడు సమాన సబ్జెక్టుల కాలం పోయింది. నాకు దిగులేసింది గానీ, ఆలోచిస్తే అప్పుడూ మూడోది మూడోదే కదా, ఇప్పుడు ఆ మాట కాగితం మీదే రాసి చెబుతున్నారు. మా చెల్లెలి కూతురు వేరే ఊళ్లో చిన్న కాలేజీలో కంప్యూటర్స్ మేజర్, సంగీతం మైనర్ తీసుకుంది. ఎందుకే అంటే, "ఇంకో కోడింగ్ సబ్జెక్టు చదవలేను పెద్దమ్మా, ఇది స్కోరింగ్ అట" అంది. రెండింటి బస్సు పిల్ల గుర్తొచ్చి చాలా సంతోషించాను. వాళ్లకి గెస్ట్ ఫ్యాకల్టీ. పీరియడ్ లెక్కన జీతం, సెలవులకి లేదు. ఆవిడ రెండు కాలేజీలు తిరుగుతూ చెబుతుంది. వీణల్లేవు. తంబురా ఫోన్‌లో ఉంది. మైనం కరగదు, అదొకటి నయం.

వాళ్లకి ఈమధ్య ప్రాజెక్టొకటి ఇచ్చారు. ఇంట్లో పెద్దవాళ్లు పాడే పాట ఒకటి రికార్డు చేసి, నొటేషన్ రాసి, రాగం, తాళం పట్టికలో నింపాలి. మంచి పని. పిల్ల ఫోన్ పట్టుకుని మా అమ్మ దగ్గర కూర్చుంది. అమ్మ సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. వాళ్లత్తగారి దగ్గర విన్న మంగళహారతి పాడింది. ఆనందభైరవిలా మొదలైంది. రెండో పాదంలో ఇంకెక్కడికో వెళ్లింది. మూడో పాదంలో తిరిగొచ్చింది, వచ్చిన దారిలో మాత్రం కాదు. నేను తలుపు దగ్గర నిలబడి, దేవగాంధారి పట్టుకున్న నా చెవిని నమ్ముకుని, చేతనైన రాగాలన్నీ వేసి చూశాను. పిల్ల ఫోన్‌లో యాప్ వేసి చూసింది. అది ఏదో సినిమా పాట పేరు చెప్పింది.

"అమ్మమ్మా, రెండో లైన్లో ద కొంచెం కిందికి పాడుతున్నావు. ఇంకోసారి పాడవా?"

అమ్మ ఇంకోసారి పాడింది. ఈసారీ అక్కడే ఉంది.

"మా అత్తగారు అక్కడే పాడేది. నీ పట్టికలో పట్టకపోతే గడి పెద్దది గీసుకో."

పిల్ల తాళం గడిలో "ఆది" అని నింపింది. దాని మీద కూడా నాకు అనుమానమే. రాగం గడిలో పెన్సిల్‌తో ఆనందభైరవి అని రాసి, ప్రశ్నార్థకం పెట్టి, మర్నాడు ఇచ్చేసింది. వాళ్ల మేడం ఆ ప్రశ్నార్థకం చుట్టూ సున్నా చుట్టి, రికార్డింగ్ పంపమని తన నంబరు రాసిందట.